పైకప్పు ముందా, పూజగది ముందా

ఆత్మకూర్,
12 జూన్ 2022

తమ్ముడు విజేందర్‌కు, సుమనకు, మేనకోడలు బంగారం రూతుకు అక్క మెర్సీ వందనాలు.

ఇక మీదట ఇంటి సంగతి ఫోన్లో మాట్లాడేది లేదు. ఏమున్నా కాగితం మీద రాయి. ఫోన్లో నువ్వొకటి చెప్తావు, తెల్లారి అడిగితే "నేనట్ల అన్లేదక్కా" అంటావు. నిన్న అయితే నేను మాట్లాడుతుండగానే పెట్టేశావు. వార్డులో అందరి ముందు నా మొహం ఎట్లయిందో నీకేం తెలుసు? డ్యూటీలో ఉన్న నర్సును నేను ఫోన్లో అరుస్తుంటే పక్క మంచం మీది బాలింత బిడ్డ చెవులు మూసింది. నాకే సిగ్గేసింది.

సంగతి ఇది. మనిద్దరం జీతాలు చూపి లోను తెచ్చి ఇక్కడి పాత బస్టాండు వెనక సందులో పక్కపక్కన రెండు పాత ఇండ్లు కొన్నాం. మొదటిది బాగుచేసి కిరాయికిద్దాం, ఆ కిరాయితో రెండోది బాగుచేద్దాం అని ప్లాన్ వేసింది నువ్వే. మంచి ప్లానే, నేను కాదనలేదు. కాని బాగుచేయడం ఎక్కడ మొదలుపెట్టాలె? నేనూ ఐలేశం మేస్త్రీ ఇల్లంతా తిరిగి చూశాం. స్లాబు పగిలింది, నడిమి అర్రలో పైన తడి మరక పరుపంత ఉంది. మోరీ పూడుకుపోయింది. వైర్లు ఎలుకలు కొరికాయి. అందుకే ముందు పైకప్పు చేయిద్దామన్నాను. తర్వాత మోరీ, నల్లా పైపులు, కరెంటు, ఆ పైన బాత్రూం, వంటర్ర, కింద బండలు. గోడలకు లప్పం, రంగులు ఆఖరుకు. ఇందులో పెద్ద తెలివేం లేదు తమ్మీ. బూజు దులిపినంక గదా ఎవరైనా ఇల్లు ఊడ్చేది!

నువ్వేమో "ముందు పూజగది కట్టించు అక్కా, ఈశాన్యం మూలకు. తర్వాత ముందటి గోడకు రంగు, తర్వాత గేటు" అంటున్నావు. వానాకాలం నెత్తి మీదికొచ్చింది. ఏం పుట్టింది నీకు? మనింట్లో పూజగది ఎప్పుడైనా ఉన్నదా? నాయిన చర్చి సంఘంలో పెద్దగా ఉండె. అమ్మ చర్చికీ పోయేది, గుట్టకు పోయి నరసింహసామికీ దండం పెట్టుకునేది. అది ఆమె ఇష్టం, నాయిన ఒక్కనాడు అడ్డం చెప్పలేదు. నేనూ పూజగది వద్దనడం లేదు. పైకప్పు కంటే ముందెందుకని మాత్రం అడుగుతున్నా.

జవాబు తొందరగా రాయి. ఐలేశం వేరే పని ఒప్పుకునేటట్టున్నాడు.

నీ అక్క,
మెర్సీ


యాదగిరిగుట్ట,
21 జూన్ 2022

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం ఆఫీసు అడ్రసుకే వచ్చింది, మంచిది. ఇకపైన కూడా ఆఫీసుకే రాయి, ఇంటికి వద్దు. ఇక్కడ అందరం క్షేమం. పాప రుత్విక రెండో తరగతికి వచ్చింది.

నువ్వు ఇంటిని అందులో కాపురం చేసే మనిషిలా చూస్తున్నావు. కిరాయికి వచ్చేవాళ్లు అట్లా చూడరు. వాళ్లు గేటు చూస్తారు, గడప చూస్తారు, లోపలికి రాగానే "దేవుడి గది ఎక్కడ?" అంటారు. స్లాబు కేసి తలెత్తి చూసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. పూజగది ఉంటే ఇల్లు ఇల్లులా కనిపిస్తుంది. సందులో వాళ్లు కూడా ఇది ఫలానా వాళ్ల ఇల్లు అని వాళ్లకు వాళ్లే అనుకుంటారు. మనం ఒక్క మాట అబద్ధం చెప్పనక్కర లేదు.

ఇంకొక సంగతి, దీనికి కోపం తెచ్చుకోకు. ఇల్లు చూపించే పని కిరాయిల బ్రోకర్ గుర్వయ్యకు అప్పజెప్పాను. నువ్వు డ్యూటీకి పోతూ వస్తూ అక్కడ ఆగకు. ఎవరైనా ఓనరెవరని అడిగితే విజేందర్ అని చెప్పు, గుట్టలో ఆఫీసులో పనిచేస్తాడని చెప్పు. నీ పేరు చెప్పాల్సిన అవసరం లేదు. విజేందర్ అంటే ఎవరు ఏమైనా అనుకోవచ్చు. మెర్సీ అంటే అనుకోవడానికి ఇంకేం మిగలదు.

నాకు మాత్రం రోషం లేదనుకుంటున్నావా? నీకు దవాఖాన క్వార్టర్ ఉంది. గవర్నమెంటు ఇచ్చిన గోడలు, ఎవరూ ఏమీ అడగరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ఊర్లో ఇంటి కోసం తిరిగినప్పుడు, అడ్వాన్సు తీసుకున్న మనిషే తెల్లారి ఆఫీసుకొచ్చి నోట్లు టేబుల్ మీద పెట్టి పోయాడు. చేతికి కూడా ఇయ్యలేదు. అందరూ చూశారు. అప్పటి నుంచి కొన్ని సంగతులు నేర్చుకున్నాను. రెండు ఇండ్లూ ఖాళీగా పడి ఉంటే బ్యాంకు వాళ్లకు నీ ఆత్మగౌరవం చూపిస్తావా?

అందుకే నా వరుస ప్రకారం చెయ్యి.

తమ్ముడు,
విజేందర్


ఆత్మకూర్,
6 జూలై 2022

విజేందర్,

బడి తెలుగుల రాసే ఓపిక ఇయ్యాల నాకు లేదు. కోపమొస్తే నాకు నా మాటే వస్తది. చదువుకో.

వరుసగా డ్యూటీలు పడి ఇంటి దిక్కు పోలేకపోయిన. నిన్న పోయి చూస్తే ఈశాన్యం మూలకు పూజర్ర లేచి ఉన్నది! గోడకు లక్ష్మీదేవి టైలు, కింద నల్ల గ్రానైటు అరుగు, ముందట గంటలు గట్టిన చిన్న దర్వాజ. నెత్తి మీద మాత్రం అదే పగిలిన స్లాబు.

"ఏందయ్యా ఐలేశం ఇది?" అన్న.

"సారు ఫోన్ జేసిండమ్మా. పూజర్ర ముందుగాల గట్టుమన్నడు. టైల్సు గూడ ఆయన్నే పంపిండు."

"మరి పైకప్పో?"

"నేనేం జేతునమ్మా, మీరిద్దరు చెరో దిక్కు గుంజుతాండ్రు. వానొస్తది సారూ అని జెప్పిన. రాదులే అన్నడు."

రాదులే అన్నవా? గుట్ట మీద కూసొని ఆత్మకూర్ల వాన రాదని నువ్వెట్ల జెప్తవురా! మేమిట్ల మాట్లాడుతుండంగనే మొగులు వట్టింది. దంచి కొట్టింది. నడిమర్ర నుంచి నీళ్లు కారుకుంట పోయి పూజర్రల పడ్డయి, ఎనక స్లాబు పెచ్చు ఊడి ధన్‌మని గ్రానైటు మీద పడ్డది. గ్రానైటు రెండు ముక్కలు. లక్ష్మీదేవి మొకమంత బురద. ఐలేశం భుజం మీది తువ్వాల తీసి టైలు తుడుసుకుంట, "అమ్మా, దీన్ని మాత్రం కూలగొట్టుమని నాకు జెప్పకు, నా చెయ్యి రాదు" అన్నడు. ఎవరు కూలగొట్టుమన్నరయ్యా నిన్ను, అన్న. నాకు ఎవరి దేవునితోని పంచాయితీ లేదు. నా పంచాయితీ నీతోని.

ఇగ నా పేరు సంగతి. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివిన్నో, చదివినప్పుడల్ల ఒళ్లు మండింది. నర్సు ట్రెయినింగుల ఉన్నప్పుడు పాలమూర్ల నన్ను అర్ర ఖాళీ చేయించిన ఇంటామె, నేను సామాను సదురుకుంటుంటే గడపల నిలవడి ఏమన్నదో తెలుసా? "పేరు మార్చుకోరాదమ్మా, పిల్ల మంచిగనే ఉన్నవ్" అన్నది. మంచికే చెప్పిన్ననుకున్నది పాపం. ఇప్పుడు అదే మాట నా తోడబుట్టినోడు చెప్తున్నడు, అదీ నేను సగం లోను కట్టే ఇంట్ల! ఆ ఇంటామెనన్న మర్సిపోవచ్చు. నిన్నెట్ల మర్సిపోవాలె?

గుర్వయ్యకు వద్దని చెప్పిన. ఐలేశంను పైకప్పు మీదికి ఎక్కించిన. ఆడ గుట్టల పాత ఇండ్ల దర్వాజలు అగ్గువకు దొరుకుతయట, చూడనీకె వచ్చే ఆదివారం గాక ఆ పై ఆదివారం వస్తున్న. మీ ఇంటికి గూడ వస్త. మొకం మీద మాట్లాడుకుందాం.

మెర్సీ


యాదగిరిగుట్ట,
19 జూలై 2022

అక్కకు,

నువ్వు వచ్చావు, దర్వాజలు కొన్నావు, ట్రాలీలో వేయించుకొని పోయావు. మా ఇంటికి రావడం అవసరమా? వచ్చినదానివి మంచినీళ్లు తాగి పోతే అయిపోయేది. కింద ఇంటి ఓనరమ్మ లీలమ్మ పైకొచ్చి ఏదో ఊసుపోక అడిగితే అంత గొంతుతో మన చరిత్రంతా ఎందుకు విప్పావు? మెట్ల మీద ఎదురింటివాళ్లు కూడా ఉన్నారు.

నీ కోపం నీకు ముఖ్యం. ఆ కోపం తీరిపోయాక బస్సెక్కి వెళ్లిపోతావు. మేము ఇక్కడే ఉండాలి. దయచేసి ఇక మా ఇంటికి రాకు. ఇంటి పని నీకు తోచినట్టు చేసుకో, నన్ను ఏమీ అడగకు.

విజేందర్


ఆత్మకూర్,
2 ఆగస్టు 2022

విజేందర్,

ఇంటికి రాకు అన్నావు. సరే, రాను. కాని నేను ఏదో కావాలని గొంతు చించుకున్నట్టు రాశావు కదా, ఆ ఇంట్లో ఏమైందో నువ్వు దర్వాజల దుకాణం దగ్గరే ఉండిపోయావు కాబట్టి నేనే చెప్తాను.

తలుపు తీసింది రూతు. నన్ను చూసి మెడకు కరుచుకుంటుందనుకున్నాను. అది వెనక్కి తిరిగి, "అమ్మా, ఆంటీ వచ్చింది" అన్నది. ఆంటీ! నీ అక్కను నేను. దానికి మేనత్తను. పుట్టినప్పుడు బొడ్డు కోసిన చేతులివి. అత్తా అనుమని నేర్పలేదా అని సుమనను అడుగుతుంటే లీలమ్మ మెట్లెక్కి వచ్చింది. సుమన మొహం పాలిపోయింది. లీలమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి "ఎవరమ్మా?" అంటే సుమన ఏం చెప్పిందో విను: "మా సారు ఆఫీసుల పనిచేస్తరు."

నేను కుర్చీలో కూర్చున్నాను తమ్మీ, నా చేతిలో మీ ఇంటి గ్లాసు ఉంది. గోడ మీద పటాలు ఉన్నాయి, ఉండనీ. గుమ్మానికి పసుపు ఉంది, ఉండనీ. రూతును బయట రుత్విక అని పిలుస్తున్నారు, అదీ పోనీ. కాని నన్ను ఆఫీసులో పనిమనిషిని చేస్తే నోరు మూసుకొని నీళ్లు తాగాలా? "లేదమ్మా, నేను విజేందర్ సొంత అక్కను" అన్నాను. లీలమ్మ సంబరపడి, "అట్లనా! మరి ఇంటి పేరేంది? మీరేమోళ్లు?" అని అడిగింది. అడిగింది కాబట్టి చెప్పాను. మెల్లగానే చెప్పాను. మా నాయిన పేరు, మా వాడ పేరు, మా చర్చి పేరు అన్నీ చెప్పాను. ఇందులో గొంతు ఎక్కడ పెరిగింది? మీ ఇంట్లో ఇంతకాలం ఆ మాటలు వినబడలేదు కాబట్టి మెల్లగా అన్నా పెద్దగా వినిపించి ఉంటాయి.

నీ మీద ఇంత కోపం నాకు జన్మలో రాలేదు. అందుకే అనుకున్నాను, రెండు ఇండ్లున్నాయి కదా, పంచుకుందాం. పైకప్పు బాగైన ఇల్లు నేను తీసుకుంటా, నా పేరుతో నేను కిరాయికిచ్చుకుంటా. రెండోది నువ్వు తీసుకో. ముందు పూజగది కడతావో, తులసికోట కడతావో, గుర్వయ్యను పెట్టుకుంటావో నీ ఇష్టం. నేను ఆ సందులో నుంచి పోయినా నీ ఇంటి దిక్కు చూడను.

ఆలోచించి రాయి. తొందర లేదు.

మెర్సీ


యాదగిరిగుట్ట,
1 సెప్టెంబర్ 2022

అక్కా,

ఇన్ని రోజులు రాయకపోవడానికి కారణం నాకు కూర్చొని రాసే జాగా లేకపోవడమే. మేము ఆ ఇంట్లో లేము.

ఇంటికి రాకు అని నీకు రాసిన తెల్లారే లీలమ్మ పిలిచింది. ఒక్క కటువు మాట అనలేదు. "మా తమ్ముడు ఊరి నుంచి వస్తాండు సారూ, ఇల్లు ఆయనకు గావాలె, జర చూసుకోండి" అన్నది. చాయ్ కూడా ఇచ్చింది, కాకపోతే కాగితం గ్లాసులో. ముందురోజు దాకా స్టీలు గ్లాసు. ఆ సాయంత్రం సుమన కిందికి పోయేసరికి అందరం నీళ్లు పట్టుకునే డ్రమ్మును చింతపండు పెట్టి తోముతున్నారట. రుత్విక అక్కడే నిలబడి, "ఎందుకు తోముతున్నరు ఆంటీ, నేను మొన్ననే నీళ్లు తాగిన గద, మంచిగనే ఉండె" అన్నదట. చెప్పు అక్కా, నేను ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆమెను ఒక్క మాట అనడానికి కూడా నాకు దారి ఇవ్వలేదు ఆమె. అంత మర్యాదగా మెడ పట్టి గెంటడం ఎక్కడ నేర్చుకుంటారో!

నీకు అప్పుడే రాయలేదు. ఎందుకంటే నీ మీద కూడా అంతే కోపం ఉంది. చెప్పి ఉంటే క్షమించమని రాసేదానివి, అది చదవడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు వెల్డింగు షాపు వెనక ఒక్క అర్రలో ఉన్నాం. పగలంతా ఇనుము కోసే చప్పుడు. సుమన చెవుల్లో దూది పెట్టుకొని వండుతుంది.

పూజగది ముందు అన్నందుకు నన్ను ఎన్ని మాటలన్నావు! నేను కిరాయిదారులను మోసం చేయాలనుకున్నానని నీ లెక్క. కాదు. ఇల్లు కొన్న రోజు నుంచి నాకు ఒకటే భయం. సందులో వాళ్లు "కొన్నదెవరు?" అని అడిగేలోపే వాళ్లకు జవాబు కనబడాలి. అడిగితే నేను చెప్పలేను. చెప్పితే రెండు ఇండ్లూ దయ్యాల కొంపల్లా పడి ఉంటాయి. అందుకే వాన కంటే ముందు ఆ ప్రశ్నకు కప్పు వేయాలనుకున్నాను. ఇది నాకు తప్ప ఇంకెవరికి తడుతుంది? ఓనరై ఉండి కిరాయిదారుకు భయపడే ఓనరును నేనొక్కణ్ణే అయి ఉంటాను.

పంచుకుందామన్నావు. నీ ఇష్టం.

విజేందర్


ఆత్మకూర్,
9 అక్టోబర్ 2022

తమ్మీ,

క్షమించమని రాయను, భయపడకు. నేను చెప్పిన మాటకు నాకు బాధ లేదు. మీ సామాను రోడ్డున పడ్డందుకు, సుమన ఆ చప్పుడులో వండుతున్నందుకు మాత్రం నేను తినే ముద్ద దిగడం లేదు. ఆ డ్రమ్ము సంగతి చదివిన రోజు డ్యూటీలో ఇంజక్షను సూది రెండుసార్లు కింద పడేసుకున్నాను. లీలమ్మ నా ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. పంచుకునే మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు రాసింది నేను కాదు, నా కోపం.

ఇల్లు పూర్తయింది. పైకప్పు గట్టిపడింది, దసరా వానకు చుక్క కారలేదు. మోరీ పారుతున్నది. రంగులు ఆఖరుకే వేయించాను. నీ పూజగది అట్లనే ఉంది, ఐలేశం గ్రానైటు మార్చాడు. ఎవరుంటే వాళ్ల ఇష్టం, దేవుణ్ణి పెట్టుకుంటారో బియ్యం డబ్బా పెట్టుకుంటారో.

మొన్న ఆదివారం ఇల్లు చూడడానికి ఒక పిల్ల వచ్చింది. పేరు స్వర్ణ, కొత్తగా టీచరు ఉద్యోగం. తండ్రి వెంట వచ్చాడు కాని లోపలికి రాలేదు, గేటు బయట వేపకొమ్మ విరుచుకుంటూ నిలబడ్డాడు. పిల్ల గడప దాటుతూనే, నేను నోరు తెరవకముందే, గబగబా మొదలుపెట్టింది. "నమస్తే ఆంటీ. మేము..." అని ఒక పెద్ద కులం పేరు చెప్పింది, ఒక ఇంటి పేరు చెప్పింది. "మేము మాంసం గూడ ఆదివారమే తింటం ఆంటీ, ఇంట్ల వండం. పూజర్ర ఉన్నదా? పూజర్ర లేకుంటే మా అమ్మ ఒప్పుకోదు" అన్నది. నీ పూజగది ముందుకు పోయి కండ్లు మూసి దండం పెట్టింది. ఒక కన్ను సగం తెరిచి నేను చూస్తున్నానా లేదా అని చూసింది.

తమ్మీ, ఆ తండ్రిని నేను ఎరుగుదును. ఎల్లస్వామి. పోయిన ఏడాది కరోనాలో మా వార్డులో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఊపిరాడినప్పుడల్లా యేసయ్యా, యేసయ్యా అని ఒకటే ప్రార్థన. నేను నెత్తి నుంచి కాళ్ల దాకా కిట్టు తొడుక్కొని ఉండేదాన్ని కాబట్టి నా మొహం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆయన బిడ్డ ఇప్పుడు నా ఎదురుగా నిలబడి, నా ఇంట్లో, నాకే అబద్ధం చెప్తున్నది. నేను ఒక్క మాట అడగలేదు! నా ఇల్లు అడిగింది. మనం అర్రలో గోడకు అంటించిన ఆ టైలు అడిగింది. మనోళ్ల పిల్ల ఉద్యోగం తెచ్చుకొని, సొంత సంపాదనతో కిరాయి ఇల్లు చూసుకోవడానికి వచ్చి, మన ఇంట్లోనే వణుకుతుంటే నాకు ఎట్లుంటది చెప్పు. ఎవరి మీద అరవాలో తెలియక పండ్లు కొరుక్కున్నాను.

"నేను నీ కులమడగలేదమ్మా. నల్లా తిప్పి చూడు, స్లాబు చూడు, ఇల్లు చూసే పద్ధతి అది" అన్నాను. గొంతు కొంచెం పెద్దగానే లేచింది. అంతే, గేటు దగ్గర నుంచి ఎల్లస్వామి తల లోపలికి పెట్టాడు.

"సిస్టరమ్మా? మా సిస్టరమ్మేనా?"

గొంతు గుర్తుపట్టాడు. మొహం చూడని మనిషి గొంతు పట్టుకున్నాడు. చెప్పులు గేటు దగ్గర వదిలి ఉరికొచ్చి నా రెండు చేతులు పట్టుకున్నాడు. "నా పేరు మెర్సీ, ఈ ఇల్లు నాదీ మా తమ్ముడిదీ" అని చెప్పాను. ఎల్లస్వామి గోడలను, స్లాబును చూసి, "మనోళ్లదా? గీ ఇల్లు మనోళ్లదా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. పిల్ల మాత్రం తల ఎత్తలేదు. బయటి అరుగు మీద కూర్చొని చున్నీ కొన చుడుతూ విప్పుతూ ఉంది. తాళం చెవి చేతిలో పెడితే తీసుకున్నది కాని "థాంక్స్" కూడా నా మొహం చూసి అనలేదు. ఇల్లు దొరికిన సంతోషం ఆ పిల్లకు లేకుండా చేశాం మనం.

నువ్వు కప్పు వేశానన్నావే, ఆ కప్పు కింద ఎవరు నలుగుతున్నారో చూడు.

అక్క,
మెర్సీ


యాదగిరిగుట్ట,
31 అక్టోబర్ 2022

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీకు తిట్లు రాసుకుంటూ కూర్చున్నాను. అన్నీ చింపేశాను. స్వర్ణ అబద్ధానికి నేనా కారణం, లోకం కాదా అని రాశాను. అది నిజమే. కాని నిన్న జరిగిన దానికి లోకాన్ని ఎంతవరకు తిట్టాలో నాకు అర్థం కావడం లేదు.

నిన్న ఆదివారం ఒక ఇల్లు చూడడానికి పోయాం. నేను, సుమన, రూతు. మంచి ఇల్లు, గాలి వెలుతురు ఉన్నాయి, వెల్డింగు చప్పుడు లేదు. సుమన వంటర్రలో నిలబడి అప్పుడే పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నది. ఓనరు వరండాలో పేపరు మడిచి, అలవాటు ప్రకారం, "మీరేమోళ్లు సారూ?" అన్నాడు.

ఈసారి చెప్పాలనే అనుకొని పోయాను అక్కా. నువ్వు నమ్మినా నమ్మకపోయినా, దారి పొడుగునా ఆ మాటను నోట్లో సిద్ధం చేసుకున్నాను. నేను గొంతు సవరించుకునేలోపు రూతు ముందుకొచ్చింది. నేను నేర్పిన కులం పేరు, నేను నేర్పిన ఇంటి పేరు, ఒక్క తడబాటు లేకుండా చెప్పింది. "మా ఇంట్ల రోజు దీపం పెడ్తం అంకుల్" అని ఒకటి సొంతంగా కలిపింది. చెప్పి నా వంక చూసి నవ్వింది, స్కూల్లో పద్యం అప్పజెప్పి టీచరును చూసినట్టు. ఓనరు "అబ్బ, ఎంత ముద్దుగ చెప్పిందో" అని దాని బుగ్గ పుణికాడు.

"కాదండి. పాప చెప్పింది నిజం కాదు" అన్నాను. మనం ఎవరమో చెప్పాను. నాయిన పేరు చెప్పాను. సుమన వంటర్ర గుమ్మంలోకి వచ్చి నిలబడి విన్నది. ఓనరు బుగ్గ మీది చెయ్యి తీసి పంచెకు రుద్దుకున్నాడు. "అయ్యో, మర్సిపోయిన సారూ, ఇల్లు నిన్ననే వేరేటోళ్లకు మాటిచ్చిన" అన్నాడు. అదే మర్యాద. నేను ఆ మనిషిని నిలబెట్టి కడిగేయాల్సింది. కాని పక్కన రూతు వెక్కి వెక్కి ఏడుస్తున్నది.

ఇల్లు పోయినందుకనుకున్నాం. ఎత్తుకోబోతే నన్ను రెండు చేతులతో తోసేసింది. బజారు మధ్యలో నిలబడి అరిచింది.

"నువ్వు చెప్పుమన్నదే జెప్పిన గద నాయినా! నువ్వే గద నేర్పినవ్! మళ్ల నేనే అబద్ధమాడిన్నని అందరి ముంగట అంటవేంది?"

జనం ఆగి చూశారు. ఇన్నేండ్లు ఎందరి మీదనో కోపం దాచుకొని తిరిగాను, నా మీద ఇంత న్యాయంగా కోపం పెట్టుకున్న మనిషి ఇది ఒక్కతే. నిన్నటి నుంచి వాళ్లమ్మ పెడితే తింటున్నది, నేను పక్కన కూర్చుంటే కంచం తీసుకొని లేచిపోతున్నది.

నేను సెలవు పెట్టాను. రూతును తీసుకొని వచ్చే బుధవారం ఆత్మకూర్ వస్తున్నాను. రెండో ఇంటి పని మొదలుపెట్టకు, నేను వచ్చేదాకా ఆగు. ఇప్పటిదాకా నా వరుసనే తప్పు పట్టావు, ఇంకొక్కసారి విను. ముందు ఆ సందులో ప్రతి ఇంటి ముందు నిలబడి, కొన్నది ఎవరో నా నోటితో నేను చెప్తాను. రూతు నా పక్కన ఉండి వినాలి. పైకప్పు ఆ తర్వాత.

తమ్ముడు,
విజేందర్